అనుమానించడం నేర్పితే చాలదు

2018 ఎండాకాలంలో మన దేశంలో చాలాచోట్ల వాట్సాప్‌లో ఒక వీడియో తిరిగింది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. బైక్ మీద ఇద్దరు వస్తారు. వెనక కూర్చున్నవాడు ఒక పిల్లాడిని ఎత్తి ఒళ్లో వేసుకుంటాడు, బండి వెళ్లిపోతుంది. అది నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని జనానికి చెప్పడానికి తీసిన ప్రచార చిత్రం. అసలు వీడియోలో ఆ ఇద్దరే వెనక్కి వచ్చి పిల్లాడిని దింపేస్తారు. కరాచీ వీధుల్లో ఒక బిడ్డను ఎత్తుకుపోవడానికి క్షణం చాలని రాసిన అట్టను పట్టుకుని చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించి మిగతాది జనం మీదికి వదిలారు.

అదే రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లో పార్థీ గ్యాంగ్ దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతోందని మెసేజ్‌లు ఊరూరా పాకాయి. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఈ పుకారు నమ్మిన మూక ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. ఊరికి కొత్తగా కనిపించినవాళ్లు, బిచ్చమెత్తుకునేవాళ్లు చాలాచోట్ల దెబ్బలు తిన్నారు. ఆ మెసేజ్‌లను ముందుకు పంపినవాళ్లలో ఎక్కువమంది పిల్లలున్న మామూలు తల్లిదండ్రులు. పక్కింటివాళ్లను హెచ్చరిస్తున్నామనే అనుకున్నారు. అలాంటివాళ్లకు ముందుగా ఏం నేర్పి ఉంటే ఆ వీడియో దగ్గర కాసేపు ఆగి ఆలోచించేవాళ్లు? ఈ ప్రశ్నకు గత పదేళ్లలో పరిశోధకులు, కంపెనీలు, ప్రభుత్వాలు చాలా జవాబులు తయారుచేశాయి. ఆటలు, నిమిషన్నర వీడియోలు, చిట్కాల జాబితాలు, బడి పాఠాలు వచ్చాయి. పేరు మోసిన కొన్ని సాధనాలు మన దేశానికి వచ్చేసరికి చతికిలబడ్డాయి. ఎందుకలా అయిందో చూస్తే, ఏది నేర్పాలో చాలావరకు తేలిపోతుంది.

వీటన్నిటిలో ఎక్కువ పేరు వచ్చింది ‘బ్యాడ్ న్యూస్’ అనే ఆన్‌లైన్ ఆటకు. నెదర్లాండ్స్‌కు చెందిన ఒక సంస్థ, ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ మనస్తత్వ పరిశోధకులు కలిసి 2018లో దీన్ని విడుదల చేశారు. ఇందులో ఆడేవాళ్లే తప్పుడు వార్తల వ్యాపారి. ఒక నకిలీ వార్తాసంస్థ పెట్టి, ఫాలోయర్లను పెంచుకుంటూ, నమ్మకం పోగొట్టుకోకుండా నెట్టుకురావాలి. ఆ క్రమంలో ఆరు ఎత్తులు చేతికొస్తాయి: పెద్ద సంస్థ పేరు తగిలించుకోవడం, భయాన్నీ కోపాన్నీ రెచ్చగొట్టడం, జనాన్ని రెండు వర్గాలుగా చీల్చడం, కుట్ర కథలు అల్లడం, తప్పు ఎత్తిచూపినవాళ్ల మీదే బురద చల్లడం, ట్రోల్ చేయడం. పావుగంటలో ఆట అయిపోతుంది. ఒకసారి తన చేత్తో ఆ ఎత్తు వేసినవాళ్లు, రేపు వేరేవాళ్లు అదే ఎత్తు వేస్తే గుర్తుపడతారన్నది దీని వెనక ఉన్న ఆలోచన.

ఆ ఆలోచన పాతదే. 1960ల మొదట్లో అమెరికా మనస్తత్వవేత్త విలియం మెగ్వైర్, ఎవరూ ఎదురు చెప్పని నమ్మకాల మీద ప్రయోగాలు చేశాడు. భోజనం చేశాక పళ్లు తోముకోవడం మంచిదన్న నమ్మకం వాటిలో ఒకటి. ఎన్నడూ వాదనకు గురికాని నమ్మకం మీద గట్టి వాదనతో దాడి చేస్తే అది తేలిగ్గా ఊగిపోయింది. ముందుగా బలహీనమైన వాదన ఒకటి చూపించి, దానికి జవాబు కూడా చెప్పి ఉంచితే, అసలు దాడి వచ్చినప్పుడు చాలామంది నిలబడ్డారు. టీకా శరీరానికి చేసే పని లాంటిదే ఇది కాబట్టి మానసిక టీకా అనే పేరు స్థిరపడింది. బ్యాడ్ న్యూస్ ఆ టీకాను ఫోన్‌లోకి తెచ్చింది. కోవిడ్ పుకార్ల కోసం ‘గో వైరల్’, ఎన్నికల కాలం కోసం ‘హార్మనీ స్క్వేర్’ అనే ఆటలు 2020లో దీని దారిలోనే వచ్చాయి.

గూగుల్‌కు చెందిన జిగ్సా విభాగం కేంబ్రిడ్జి పరిశోధకులతోనే కలిసి, ఆటకు బదులు నిమిషన్నర వీడియోలు చేసింది. ఇవి ఏ వార్త అబద్ధమో చెప్పవు, అబద్ధం వాడుకునే ఎత్తును చూపిస్తాయి. బలిపశువును వెతకడం, రెండే దారులున్నట్టు చెప్పి మూడోదాన్ని దాచేయడం, ఉద్వేగం రేపే మాటలు గుప్పించడం లాంటివి. 2022లో అచ్చైన ఫలితాల ప్రకారం, యూట్యూబ్ ప్రకటనల స్థానంలో ఈ వీడియో చూసినవాళ్లలో ఎత్తును సరిగ్గా గుర్తుపట్టినవాళ్లు సుమారు 5 శాతం పెరిగారు. ఈ అంకె చిన్నదే. అయితే పోలండ్, చెక్, స్లొవాకియా దేశాల్లో ఉక్రెయిన్ శరణార్థుల మీద పుకార్లను ఎదుర్కోవడానికి చేసిన వీడియోలను కోట్లలో చూశారు. అంతమందిలో కొద్ది శాతం మారినా మేలేనన్న వాదనకు బలముంది. మన దేశం కోసం ప్రకటించినప్పుడు ఎంచుకున్న భాషలు మాత్రం హిందీ, బెంగాలీ, మరాఠీ. తెలుగు లేదు.

ఈ టీకాకు కూడా కాలపరిమితి ఉంది. కేంబ్రిడ్జి బృందం తామే చేసిన తర్వాతి పరిశోధనలో, బ్యాడ్ న్యూస్ ప్రభావం రెండు నెలల్లో బాగా తగ్గిపోయింది. మధ్యలో మళ్లీ మళ్లీ పరీక్ష పెట్టినవాళ్లలో మాత్రం మూడు నెలల దాకా నిలిచింది. ఇందులో వింతేమీ లేదు. ఒక్కసారి చదివి వదిలేసిన పాఠం ఎవరికి గుర్తుంటుంది?

అసలు చిక్కు మరొకటి. 2023లో ఇద్దరు పరిశోధకులు ఈ ఆటల పాత లెక్కలన్నీ తీసి, వేరే పద్ధతిలో మళ్లీ చూశారు. ఏ వార్త ఎంత నమ్మదగిందో మార్కులు వేయమంటే, ఆట ఆడినవాళ్లు తప్పుడు వార్తలకు తక్కువ వేసిన మాట నిజమే. కానీ నిజమైన వార్తలకూ తక్కువే వేశారు. అంటే అబద్ధాన్నీ నిజాన్నీ విడదీసే చూపు పదునెక్కలేదు, కనిపించిన ప్రతిదాన్నీ అనుమానించే అలవాటు పెరిగింది. ఈ విమర్శ మీద పరిశోధకుల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. కానీ ఈ రంగంలో వచ్చిన విమర్శలన్నిటిలో ఇదే ముఖ్యమైనది. ఒక సాధనాన్ని కేవలం తప్పుడు వార్తలు చూపించి పరీక్షిస్తే, అన్నిటికీ ‘ఫేక్’ అని టిక్కు పెట్టే మనిషికి నూటికి నూరు మార్కులొస్తాయి.

ఆ మనిషి వల్ల ఇంటికి ఎంత నష్టమో కోస్తా జిల్లాల్లో ఉన్నవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. తుపాను వచ్చిన ప్రతిసారీ ఎక్కడెక్కడి పాత వీడియోలు తాజావిగా గ్రూపుల్లోకి వస్తాయి. వాతావరణ శాఖ హెచ్చరిక కూడా అదే గ్రూపులోకి, అదే ఫోన్‌లోకి వస్తుంది. ఆ పాత వీడియోలను నమ్మడం ఎంత ప్రమాదమో, హెచ్చరికను ‘ఇదీ ఫేకే అయ్యుంటుంది’ అని తోసేయడం అంతకంటే ప్రమాదం. కోవిడ్ టీకా విషయంలోనూ అంతే. ఎవరినీ నమ్మకూడదని నేర్చుకున్నవాళ్లు డాక్టరు మాటనూ నమ్మరు. ఏదీ నమ్మలేమన్న స్థితికి జనాన్ని తేవడం పుకార్లు పుట్టించేవాళ్లకు కూడా లాభమే. నేర్పే సాధనం ఆ పని చేయకూడదు.

చిట్కాల జాబితాల లెక్క కూడా ఇలాంటిదే. శీర్షిక చూసి మోసపోవద్దు, వెబ్ అడ్రసు చూడండి, ఫొటో పరిశీలించండి, తేదీ చూడండి అంటూ ఫేస్‌బుక్ 2017లో పది సూచనలు విడుదల చేసింది. మూక హత్యల తర్వాత 2018లో వాట్సాప్ మన దినపత్రికల్లో ఇలాంటి సూచనలతోనే పూర్తి పేజీ ప్రకటనలిచ్చింది. ఈ చిట్కాలు పనిచేస్తాయా అని అమెరికాలోనూ భారత్‌లోనూ పరీక్షించిన ఒక పరిశోధన 2020లో వచ్చింది. నిజాన్నీ అబద్ధాన్నీ విడదీసే శక్తి అమెరికాలో 26.5 శాతం పెరిగింది. మన దేశంలో ఆన్‌లైన్‌లో పాల్గొన్న చదువుకున్నవాళ్లలో 17.5 శాతం పెరిగింది. ఉత్తర భారత పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేసిన భాగంలో మాత్రం తేడా కనిపించలేదు. కేంబ్రిడ్జి ఆటల పద్ధతిలోనే, వాట్సాప్ గ్రూపులా కనిపించేట్టు తయారుచేసిన మరో ఆటను ఉత్తర భారతంలో పరీక్షిస్తే అదీ పనిచేయలేదని 2023లో తేలింది.

పల్లె జనానికి తెలివి తక్కువని దీని అర్థం తీస్తే అది పెద్ద అన్యాయం. ఈ సాధనాలు ఎవరి కోసం పుట్టాయో చూడాలి. ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చుని, వెబ్‌సైట్లలో వార్తలు చదివే మనిషిని ఊహించుకుని వాటిని తయారుచేశారు. వెబ్ అడ్రసు చూడమంటే, వాట్సాప్ వీడియోకు అడ్రసే లేదు. శీర్షిక లేదు, తేదీ లేదు, రాసినవాళ్ల పేరు లేదు. కనిపించే పేరు ఒక్కటే, పంపినవాళ్లది. ఆ పంపింది పెదనాన్నో, ఊళ్లో మాస్టారో, డాలస్‌లో ఉన్న మేనమామో అవుతారు. మెసేజ్‌ను నమ్మడమంటే ఆ మనిషిని నమ్మడమే. ‘ఇది తప్పు మావయ్యా’ అని ముప్పైమంది బంధువులున్న గ్రూపులో రాయడం కుర్రవాళ్లకు ఎంత టెన్షనో, కుటుంబ గ్రూపుల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. మెసేజ్‌లను మధ్యలో ఎవరూ చదవలేని విధంగా వాట్సాప్ నడుస్తుంది కాబట్టి, ఫేస్‌బుక్ పోస్టు కింద పెట్టినట్టు ‘ఇది తప్పు’ అనే గుర్తును అక్కడ పెట్టడం కంపెనీకి సాధ్యం కాదు. అది చేయగలిగింది ఫార్వర్డ్‌ను కష్టం చేయడం. 2018 జులైలో భారత్‌లో ఒకసారి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ అని పరిమితి పెట్టింది. చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌కు జంట బాణాల గుర్తు 2019లో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో అలాంటి మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేశాక, వాటి ఫార్వర్డ్‌లు ప్రపంచవ్యాప్తంగా 70 శాతం తగ్గాయని కంపెనీ ప్రకటించింది. ఏ ఆటా ఏ పాఠమూ ఇంత తేడా చూపలేదు. కాబట్టి భారమంతా చదివేవాళ్ల మీద వేసి కంపెనీలు పక్కకు తప్పుకుంటామంటే ఒప్పుకోకూడదు. అయినా ఆ జంట బాణాల అర్థం ఇంట్లో పెద్దవాళ్లకు ఒకరు కూర్చుని చెప్తే తప్ప తెలియదు. నేర్పే పని అక్కడ మళ్లీ మొదలవుతుంది.

మరి నిజాన్నీ అబద్ధాన్నీ విడదీయడం బాగా వచ్చినవాళ్లు ఏం చేస్తారు? దీన్ని తెలుసుకోవడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ మూడు రకాల మనుషుల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి గమనించారు. 10 మంది చరిత్రకారులు, 10 మంది వృత్తి ఫ్యాక్ట్‌చెకర్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. పిల్లల వైద్యుల సంఘాలవి రెండు వెబ్‌సైట్లు చూపించారు. ఒకటి 1930 నుంచి ఉన్న, వేల మంది సభ్యులున్న వృత్తి సంఘం. రెండోది దాన్నుంచి విడిపోయిన ఒక చిన్న వర్గానిది, సైటు మాత్రం అచ్చం పెద్ద సంఘంలాగే ఉంటుంది. విద్యార్థుల్లో ఎక్కువమంది చిన్నదాన్నే నమ్మారు. చరిత్రకారుల్లోనూ తేల్చుకోలేకపోయినవాళ్లున్నారు. వాళ్లు ఆ పేజీలోనే ఉండి పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. ఫ్యాక్ట్‌చెకర్లు ఆ పేజీలో ఉండనే లేదు. వెంటనే కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. క్షణాల్లో విషయం తేల్చేశారు.

ఈ పద్ధతికి ప్రత్యేకమైన తెలివి అక్కర్లేదు, అలవాటు కావాలి. ఇంకా మంచి సంగతి, ఇది రెండు వైపులా పనిచేస్తుంది. బయట వెతికినప్పుడు అబద్ధం బయటపడినట్టే నిజమూ రుజువవుతుంది. వార్త సరైనదేనని తేలితే దాన్ని నిశ్చింతగా నమ్మొచ్చు, పదిమందికి పంపొచ్చు. మైక్ కాల్‌ఫీల్డ్ అనే అమెరికన్ అధ్యాపకుడు 2019లో దీన్నే నాలుగు అడుగులుగా కుదించాడు: ఆగడం, చెప్పిందెవరో చూడడం, అదే విషయం మెరుగైన చోట ఉందేమో వెతకడం, అసలు మూలం దాకా వెళ్లడం. కరాచీ వీడియో విషయంలో నాలుగో అడుగే కావాల్సింది. వీడియోలో ఒక ఫ్రేమును ఆపి గూగుల్ లెన్స్‌లో వెతకడం ఇప్పుడు మామూలు ఫోన్‌లోనే అవుతుంది. తెలుగులో ఫ్యాక్ట్‌చెక్‌లు రాసేవాళ్లు కూడా ఉన్నారు. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ రోజూ ఈ పని చేస్తున్నాయి. డీప్‌ఫేక్‌లను, అంటే ఏఐతో చేసిన నకిలీ ఆడియో, వీడియోలను పట్టుకోవడానికి 2024 మార్చిలో మొదలైన డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ వాట్సాప్ నంబరుకు అనుమానం వచ్చిన ఆడియో, వీడియోలు పంపితే పరిశీలించి చెప్తుంది. దాని నాలుగు భాషల్లో తెలుగు ఒకటి.

డీప్‌ఫేక్‌ల దగ్గర నేర్పేవాళ్లు ఒక తప్పు చేస్తున్నారు. వేళ్లు లెక్కపెట్టండి, కనురెప్పలు చూడండి, పెదాల కదలిక గమనించండి అంటూ పాఠాలు చెప్తున్నారు. సాఫ్ట్‌వేర్ మారిన కొద్దీ ఆ లోపాలు పోతున్నాయి. నిన్న నేర్చుకున్న ఆనవాలు రేపు కనిపించకపోతే, నేర్చుకున్నవాళ్లు ఆ వీడియోను మరింత ధీమాగా నమ్ముతారు. మూలం ఎక్కడుందో వెతికే అలవాటుకు మాత్రం కాలదోషం పట్టదు. ముఖ్యమంత్రి నిజంగా ఆ మాట అని ఉంటే నాలుగు చానళ్లలో, రెండు పేపర్లలో అయినా ఉండాలి.

అయితే ఈ అలవాటును ఒక్క గంటలో ఎక్కించగలమా? 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో పరిశోధకురాలు సుమిత్ర బద్రీనాథన్ బిహార్‌లో సరిగ్గా దీన్నే పరీక్షించారు. 1,224 మంది పాల్గొన్నారు. శిక్షణ ఇవ్వాల్సినవారి ఇంటికే వెళ్లి, సుమారు గంటసేపు కూర్చుని, ఫొటో అసలు ఎక్కడిదో వెతికే రివర్స్ ఇమేజ్ సెర్చ్ దగ్గర్నుంచి ఫ్యాక్ట్‌చెక్ సైట్ల దాకా చూపించారు. రెండు వారాల తర్వాత చూస్తే మొత్తమ్మీద తేడా లేదు. అధికార పార్టీని అభిమానించేవాళ్లలో, తమ పార్టీకి నచ్చే అబద్ధాలను గుర్తించడం మునుపటికంటే తగ్గింది కూడా. ఎన్నికల వేడిలో వచ్చి చెప్పిన కొత్త మనిషి మాట కంటే, సొంత పక్షం మీద అభిమానమే గెలిచింది.

ఆమె అక్కడితో ఆగిపోలేదు. మరికొందరు పరిశోధకులతో కలిసి, బిహార్ ప్రభుత్వ సహకారంతో, జీవిక అనే గ్రామీణ జీవనోపాధి సంస్థ గ్రంథాలయాల్లో 8 నుంచి 12 తరగతుల పిల్లలకు పాఠాలు పెట్టించారు. 500కు పైగా గ్రామాలు, 13,000 మందికి పైగా విద్యార్థులు. పద్నాలుగు వారాల్లో విడతలవారీగా తరగతులు జరిగాయి. పోల్చి చూడడానికి మిగతా సగం మందికి అదే సమయంలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పారు. పాఠాల్లో ఎక్కువ భాగం ఆరోగ్యం చుట్టూ తిరిగింది: టీకాల మీద పుకార్లు, నాటు మందుల మీద అతిశయోక్తులు, ఏ మూలాన్ని ఎందుకు నమ్మాలన్న చర్చ. ఈసారి ఫలితం గట్టిగా వచ్చింది. పిల్లలు అబద్ధాన్నీ నిజాన్నీ విడదీయడంలో స్పష్టంగా మెరుగయ్యారు. నాలుగు నెలల తర్వాత కూడా అది నిలిచింది. పాఠంలో లేని రాజకీయ అబద్ధాలకూ పాకింది. తల్లిదండ్రుల్లోనూ మార్పు కనిపించింది. కుటుంబ గ్రూపులో మావయ్యకు ఎదురు చెప్పలేని పిల్ల, ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని అదే సంగతి చెప్పగలిగిందన్నమాట. పదహారేళ్ల వయసులో పార్టీ అభిమానం ఇంకా గట్టిపడి ఉండదు, టీచరుకు ఉన్న గౌరవం సర్వేకు వచ్చిన మనిషికి ఉండదు, మళ్లీ వచ్చే వారం అడుగుతారని తెలిస్తే పాఠం మనసులో నిలుస్తుంది. రెండు ప్రయోగాల మధ్య తేడా చాలావరకు ఇక్కడే ఉంది.

నమ్మకమున్న మనిషి, సొంత భాష, మళ్లీ మళ్లీ రావడం. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో 2018లో తెలంగాణ కూడా చూసింది. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, పల్లెలకు కేటాయించిన కానిస్టేబుళ్ల ద్వారా ఒక సంగతి పసిగట్టారు. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులేసుకుని లోపల పడుకుంటున్నారు. ఫోన్లలో ఏముందో చూస్తే పిల్లల దొంగల మెసేజ్‌లు. పోలీసులు 400కు పైగా గ్రామాల్లో తిరిగారు. డప్పు వేయించారు, జానపద బాణీల్లో పాటలు కట్టి పాడించారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. చుట్టుపక్కల మూక దాడులు జరుగుతున్నా అక్కడ ఒక్క ప్రాణం పోలేదు. దీన్ని పరిశోధనాపత్రంలో కొలిచినట్టు కొలవలేం, ఆ ఫలితానికి ఇంకా కారణాలుండొచ్చు. కానీ ఆ కానిస్టేబుల్ జనానికి ‘ఏదీ నమ్మొద్దు’ అని చెప్పి వదిలేయలేదు. అనుమానం వస్తే తనను అడగమన్నాడు. అనుమానంతో పాటు తేల్చుకునే చోటు కూడా చూపించాడు.

కేరళ ఈ పనిని బడిలోకి తెచ్చింది. కన్నూర్ జిల్లాలో టీకాల మీద పుకార్లతో ఇబ్బంది పడ్డాక అక్కడి యంత్రాంగం ‘సత్యమేవ జయతే’ పేరుతో సుమారు 150 బడుల్లో పాఠాలు మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో 5, 7 తరగతుల ఐసీటీ (కంప్యూటర్ పాఠాల) పుస్తకాల్లోనే తప్పుడు వార్తల పాఠం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో దీనికి కావాల్సిన ఏర్పాటు కొత్తగా కట్టక్కర్లేదు. బిహార్‌లో జీవిక ఎలాంటిదో ఇక్కడ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, దాని మహిళా సంఘాలు అలాంటివి. ప్రతి ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. ఆ డబ్బుతో నడిచే జిల్లా, మండల గ్రంథాలయాల్లో గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదువుకునే కుర్రవాళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటున్నారు. ఫోన్ చేతిలో ఉన్నవాళ్లు, కరెంట్ అఫైర్స్ కోసం ఏది నిజమో తేల్చుకోవాల్సిన అవసరం రోజూ ఉన్నవాళ్లు. వారానికి ఒక గంట చొప్పున మూడు నెలలు అక్కడే తరగతి పెట్టొచ్చు. చివరి పరీక్షలో సగం అబద్ధాలు, సగం నిజాలు కలిపి ఇవ్వాలి. నిజాన్ని నిజమని గుర్తించినదానికి కూడా అన్నే మార్కులు వేయాలి.